మా ఆగ్నేయ మూలలో ట్రాన్స్‌ఫార్మర్

మా వీధిలో కరెంటు గురించి అందరికీ అభిప్రాయాలున్నాయి, ఒక్క మా ఆయనకు తప్ప. ఆయనకున్నది పరిజ్ఞానం. యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ డిపార్ట్‌మెంటులో ఏళ్లతరబడి పాఠాలు చెప్పి రిటైరైన శశిభూషణ్ గారు, సబ్‌స్టేషన్‌లో బయల్దేరిన కరెంటు మన వంటింటి స్విచ్‌లోకి ఎలా వచ్చి కూర్చుంటుందో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఆ చెప్పడం ఎక్కడ ఆపాలో మాత్రం ఆయనకు తెలియదు. బల్బు పోయిందంటే బల్బు మార్చరు, బల్బు ఎందుకు పోతుందో చెబుతారు. కుర్చీ వేసుకుని మార్చేది నేనే.

నా పేరు వేదవతి. సంగీతం చెబుతాను. తార్నాకలో మా ఇంటి ముందుగదిలో, వీధివైపు కిటికీ కింద చాప పరుచుకుని, పొద్దున్నే పిల్లల్ని కూర్చోబెట్టుకుంటాను. నా శ్రుతి ఐదున్నర. హార్మోనియం మెట్ల లెక్కలో ఆడవాళ్ల గొంతుకు అది మంచి ఎత్తే. చిన్నప్పుడు బందరులో మా గురువుగారు నా గొంతు విని, "దీనికి ఐదున్నర పెట్టండి" అన్నారు. అంతే. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, టైఫాయిడ్ వచ్చి పోయింది, అరవై దాటాయి. నేను ఆ శ్రుతి దించలేదు. నాతోపాటు నేర్చుకున్న వాళ్లంతా ఒక్కొక్కరే ఐదుకీ నాలుగున్నరకీ దిగిపోయారు. "వేదవతి గారు ఇంకా ఐదున్నరేనండీ" అని ఎవరైనా పక్కవాళ్లతో అంటుంటే, వినపడనట్టు మొహం పెట్టి శుభ్రంగా వినేదాన్ని. ఆ మాట అంటే నాకు అంత ఇష్టం.

ఇక వీధి సంగతి. ఎండలు ముదిరితే మా వీధి రెండు ఊళ్లయిపోతుంది. మెయిన్ రోడ్డు మూల మీద పాత ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దాని పక్కనున్న ఇళ్లలో ఏసీలు వేసుకుని దుప్పట్లు కప్పుకుంటారు. లోపలికి వచ్చేకొద్దీ వోల్టేజీ నీరసపడుతూ వస్తుంది. మధ్యలో ఉన్న మాకు ఫ్యాను తిరుగుతుంది గానీ గాలి రాదు. చిట్టచివర నాగమణి ఇల్లు. అక్కడ సాయంత్రం ట్యూబులైటు, వెలగనా మాననా అని ఆలోచిస్తూ ఉంటుంది. ఒకప్పుడు ఇన్ని బాధలు లేవు. పెంకుటిళ్లు, మేడలు పోయి అపార్టుమెంట్లు లేచాయి, ఒక్కో దానికీ ఒక లిఫ్టు, ఒక బోరు మోటారు, గదికో ఏసీ. తాగేవాళ్లు పెరిగారు, కుండ మాత్రం అదే.

నాగమణి వాళ్లది ప్రొద్దుటూరు. భర్త రైల్వే ఆఫీసులో పనిచేస్తాడు. ఆవిడ ఇంట్లోనే కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ పెట్టుకుని పెళ్లి జాకెట్లకు పని చేస్తుంది. ఆ మిషన్‌కు వోల్టేజీ పడిపోతే డిజైన్ సగంలో ఆగిపోతుంది, మళ్లీ మొదలుపెడితే సూది పక్కకు జరుగుతుంది, జాకెట్టు పాడవుతుంది. పాడైనది ఎవరి పెళ్లి జాకెట్టో వాళ్లు వచ్చి గుమ్మంలో నిలబడతారు. పోయిన వేసవిలో ఇక మిషన్ అమ్మేస్తానని కూడా అంది. వాళ్ల అమ్మాయి అనూష నా శిష్యురాలు. ఎనిమిదో తరగతిలో చేరింది, ఇప్పుడు క్యాంపస్‌లో ఎమ్మెస్సీ. నా దగ్గర నేర్చుకున్న వాళ్లలో ఆ పిల్లను మించిన వాళ్లు లేరు. ఆ మాట దాని ఎదుట ఎప్పుడూ అనలేదు, నెత్తికెక్కుతుందని.

మార్చి నెలలో ఒక సాయంత్రం విద్యుత్ ఆఫీసు నుంచి భూపాల్ అనే ఇంజనీరు వచ్చాడు. చేతిలో పీత కొండిలాంటి మీటరు. తీగను దాని నోట్లో పెట్టి ఎంత కరెంటు పోతోందో చూసుకుంటూ వీధి ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగాడు. వెనకాల మా ఆయన, ఆ వెనకాల వీధంతా.

"పాతదాని మీద లోడు ఎక్కువైంది సార్," అన్నాడు భూపాల్. "కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి వీధి నడుమ పెట్టాలె. సగం ఇండ్లు దానికి, సగం దీనికి. అప్పుడు ఆఖరు ఇంటి దాక మంచిగైతది."

అని మా ఇంటికీ దక్షిణం వైపున్న సుబ్బరాయుడు గారింటికీ మధ్య, సరిగ్గా గోడ కలిసిన చోట, సుద్దముక్కతో గీత గీశాడు. మా ఆయన మొహం వెలిగిపోయింది. "లోడ్ సెంటర్ కరెక్టుగా ఇక్కడికే వస్తుందయ్యా, లెక్క వేయకుండానే పట్టేశావే" అని మెచ్చుకున్నారు.

సుబ్బరాయుడు గారు మాత్రం ఆ గీతకు అడ్డంగా వచ్చి నిలబడ్డారు. ఆయనకు వాస్తు పిచ్చి. ఇంట్లో మంచినీళ్ల బిందె జరపాలన్నా దిక్సూచి తీస్తారు.

"భూపాల్ గారూ, ఇది మా ఈశాన్యం. ఈశాన్యంలో అంత బరువు పెట్టిస్తే కాపురం నిలుస్తుందా చెప్పండి?"

"మరి ఎదురింటి దిక్కు పెడదమా సార్?"

ఎదురింటివాళ్లు, గుమ్మానికి ఎదురుగా స్తంభం రావడమేమిటని ఒంటికాలి మీద లేచారు. ఆ పక్కవాళ్లకు అది నైరుతి. ఆ పైవాళ్లు అద్దెకుండేవాళ్లు, ఓనరును అడగాలన్నారు. కరెంటు అందరికీ కావాలి, కరెంటు వచ్చే డబ్బా మాత్రం పక్కింటి ముందు ఉండాలి. చివరకు సుబ్బరాయుడు గారే దారి చూపించారు.

"ఓ మూడడుగులు ఇటు జరిపారనుకోండి, అది వేదవతి గారి ఆగ్నేయం అవుతుంది. అగ్ని ఉండాల్సిన మూలే అది. వాళ్లకి కలిసొస్తుంది కూడాను."

వీధి మొత్తం "అవునవును" అంది. మా ఇంటికి కలిసిరావాలని మా వీధికి అంత కోరిక ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

"నాకు రెండు స్తంభాలకు జాగ దొరికితే చాలు సార్," అన్నాడు భూపాల్. "మూడడుగులు అటైనా ఇటైనా ఫరక్ పడదు."

సుద్దగీత మూడడుగులు జరిగింది. నేను అందరికీ మజ్జిగ ఇచ్చాను. గ్లాసులు కడుగుతుండగా తట్టింది, మా ఆగ్నేయ మూలంటే నేను పాఠం చెప్పే కిటికీ అని.

మర్నాడు పొద్దున క్యాంపస్‌లో నడకకు వెళ్లాం. రోజూ వెళ్లే దారే. హాస్టళ్ల వెనక, ఇనుప కంచె లోపల ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ఇన్నేళ్లుగా దాని పక్కనుంచి నడిచాను గానీ ఏనాడూ ఆగలేదు. ఆ రోజు ఆగాను. సన్నగా, ఎడతెగకుండా, 'ఝుం' అని మోగుతోంది. ఊపిరి తీసుకోవడమన్నది లేదు దానికి.

ఫోన్‌లో శ్రుతిపెట్టె తెరిచి ఐదు పెట్టాను. కలవలేదు, దానికంటే ఇది కాస్త పైన ఉంది. ఐదున్నర పెట్టాను. దానికి బాగా కింద. రెండు మెట్ల సందులో ఇరుక్కుని మోగుతోంది. నా శ్రుతితో కలిపి వింటే పళ్లమధ్య ఇసుక పడ్డట్టుంది.

"ఎందుకిలా మోగుతుంది?" అని అడిగాను. అడగడమే పాపం, మా ఆయన కంచెకు ఆనుకుని మొదలుపెట్టారు.

"మన కరెంటు సెకనుకు యాభైసార్లు అటూ ఇటూ ఊగుతుంది. అటు ఊగినప్పుడొకసారి, ఇటు ఊగినప్పుడొకసారి లోపలున్న ఇనుపరేకులు రవ్వంత సాగి ముడుచుకుంటాయి. అంటే సెకనుకు వందసార్లు. నీకు వినపడేది అదే."

"ఇది పాతదని ఇలా ఉందా? కొత్తది వేరేగా మోగుతుందా?"

"కొత్తదైతే కొంచెం మెల్లగా మోగుతుంది. శ్రుతి మాత్రం ఇదే. దేశమంతా ఒకటే గ్రిడ్ కదా వేదా. కాశ్మీరులో ట్రాన్స్‌ఫార్మరూ కన్యాకుమారిలో ట్రాన్స్‌ఫార్మరూ ఈ క్షణాన ఇదే శ్రుతిలో పాడుతుంటాయి."

ఆ మాట వినగానే ఒళ్లు ఒకసారి జలదరించింది, ఒప్పుకుంటాను. ఇంత పెద్ద దేశంలో ఇన్ని వీధుల్లో, ఎవరూ శ్రుతి చేయకుండా, ఇన్ని డబ్బాలు ఒకే స్వరం పట్టుకుని కూర్చున్నాయి. పదిమంది పిల్లల్ని ఒక్క షడ్జమం మీద నిలబెట్టడానికి నాకు నెలలు పడతాయి. అయితే ఆ ఆశ్చర్యం ఎంతోసేపు నిలవలేదు. ఆ స్వరం రేపు నా కిటికీలోకి వచ్చి కూర్చుంటుంది.

"ఈ సంగతి మీకు నిన్ననే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు శ్రుతి దించవు కదా. చెప్పి ఏం లాభం?"

ముందుకు నడిచాం. ఆయన ఊరుకోలేదు. వేళ్లతో గాలిలో గీతలు గీస్తూ, ఎక్కడో పుట్టిన కరెంటు లక్షల వోల్టుల మీద ఊళ్లు దాటి వస్తుందనీ, సబ్‌స్టేషన్‌లలో మెట్టు మెట్టుగా దిగి, పదకొండు వేల వోల్టులతో రోడ్లమ్మట వస్తుందనీ, వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లో ఆఖరిమెట్టు దిగి ఇంట్లోకి వస్తుందనీ చెప్పుకుపోయారు.

"దూరం రావాలంటే పైస్థాయిలో రావాలి. తక్కువ వోల్టేజీతో పంపితే అదే పనికి తీగలో ఎక్కువ కరెంటు పారాలి. తీగ వేడెక్కి దారిలోనే సగం మింగేస్తుంది. నాగమణి ఇంటికి అందనిది అందుకే. మరీ మెయిన్ రోడ్డు దగ్గరే దిగిపోయి, అక్కణ్ణుంచి నడిచి వస్తోంది పాపం. దిగే చోటు ఇళ్లకు దగ్గరగా ఉండాలి. ఎక్కడో ఒకచోట దిగక తప్పదనుకో, దిగకపోతే బల్బు పేలిపోతుంది."

"ఎవరిని దెప్పుతున్నారు?"

"కరెంటు సంగతి చెబుతున్నాను, వేదా."

ఆ పూట పాఠం అస్సలు కుదరలేదు. ఇంకా రాని ట్రాన్స్‌ఫార్మర్ అప్పుడే చెవిలో మోగుతోంది. కీర్తన చరణంలో పై షడ్జమం దగ్గరకు వచ్చేసరికి, నేను ఊపిరి తీసుకునేలోపే అనూష ముందుకు దూకి గట్టిగా అందుకుంది. ఈ మధ్య ఆ పిల్లకు ఇదొక రోగం పట్టుకుంది. కింద అంత మెత్తగా పాడే పిల్ల పైకి వచ్చేసరికి గొంతు చించుకుంటుంది.

"పై షడ్జమం అంటే పోతున్న బస్సును ఆపడం కాదే," అన్నాను. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు? నన్ను దాటి ఎందుకు పోతావు?"

"సారీ టీచర్," అని తల వంచుకుంది. మిగతా పిల్లలు కిసుక్కున నవ్వారు.

పాఠం అయ్యాక మా ఆయన ముందు నిలబడ్డాను. ఆయన దగ్గర చదువుకున్న వాళ్లలో ఒకాయన ఇప్పుడు విద్యుత్ ఆఫీసులోనే పెద్ద హోదాలో ఉన్నాడు. పండగకు ఫోన్ చేసి మరీ నమస్కారం పెడతాడు. "ఆయనకొక మాట చెప్పండి. మన కిటికీ దగ్గర వద్దని," అన్నాను. మా ఆయన చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. శిష్యుల్ని ఎప్పుడూ ఏదీ అడిగిన మనిషి కాదు. నా మొహం చూసి, లేచి వెళ్లి, తలుపు దగ్గరగా వేసుకుని మాట్లాడి వచ్చారు.

రెండ్రోజులకు భూపాల్ వచ్చి సుద్దగీతను చెప్పుకాలితో చెరిపేశాడు.

"పైనుంచి చెప్పిండ్రు మేడం. మెయిన్ రోడ్డు మూలకే, పాతదాని పక్కకే పెడుతం."

"అక్కడ పెడితే చివరి ఇళ్లకు?"

"ముందటి ఇండ్లకు మంచిగైతది. ఆఖరుకు అంత ఫరక్ ఉండదు. దూరం గదే గద."

శ్రుతిపెట్టె ఐదున్నరలో పెట్టుకుని ఆ సాయంత్రం చాలాసేపు సాధన చేశాను. గెలిచినట్టే అనిపించింది గానీ, గెలిచిన సంతోషం రాలేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, మా మేనకోడలి జాకెట్టు తెచ్చుకోవడానికి నాగమణి ఇంటికి వెళ్లాను. మిషన్ టకటకా కుడుతోంది. ఎర్ర పట్టుమీద బంగారు నెమలి సగం వరకు వచ్చింది. ఉన్నట్టుండి నాగమణి చెయ్యి చాపి మిషన్ ఆపేసింది. మరుక్షణం పైన బల్బు గుడ్డిదైంది.

"సుబ్బరాయుడు సార్ మోటార్ ఏసినాడక్కా," అంది తాపీగా. "రోజూ ఈ టైముకే. పదినిమిషాలు కూసోవల్ల మనం."

"నీకెలా తెలుసు?"

"అందురివీ తెలుస్తాయి. వీధి నిద్రపోతేనే నా సూది నడుస్తాది. మీ ఇంట్లో గ్రైండర్ తిరిగితే సూది నీల్గుతాది. నువ్వు గారెలు ఏసిన నాడు నా మిషన్‌కు సెలవు."

నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్లుగా మా ఇంట్లో గారెలకు పప్పు రుబ్బితే ఈ ఇంట్లో పని ఆగుతుందని నాకెవరు చెప్పారు? కరెంటు గురించి అంత తెలిసిన మా ఆయన కూడా చెప్పలేదు.

"కొత్తది మూలకే పెడతారంట గదా," అంది నాగమణి. "నీ సంగీతం కోసమంట. అనూష చెప్పింది."

సూది ఆగిన ఆ సగం నెమలిని చూశాను.

"నేనేమీ అనుకోలేదులే. నీ గొంతు నీకు, నా సూది నాకు. అయినా ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవాకు. నీకు ఆ శ్రుతే ఎందుకక్కా? పైకి పోలేక అంత కష్టపడతాండావు గదా."

ప్రొద్దుటూరు వాళ్లు ఒకసారి అక్కా అన్నారంటే ఇక మీరు గీరు ఉండదు, దాచుకోవడమూ ఉండదు.

"కష్టపడుతున్నానని ఎవరన్నారు నీకు? అనూషా?"

"అది ఏమీ అనలేదు. నేనే తిట్టినా ఒకనాడు. ఇంట్లో ఎంత మెత్తగా పాడతావే, టీచర్ కాడ ఎందుకట్ల అరుస్తావు, వీధంతా వినపడతాంది అని. అప్పుడు చెప్పింది. పైకి పోయేటప్పుడు టీచర్ గొంతు చీలిపోతాంది అమ్మా, చిన్నపిల్లోళ్లు విని నవ్వుతారని నేనే ముందు అందుకుంటాండా అనింది. రెండేండ్ల నుంచీ ఇదే కథ."

జాకెట్టు తీసుకోకుండానే వచ్చేశాను.

దారిలో నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ పిల్ల ఎవరు నా గొంతును కాపాడడానికి? నేనేమైనా అడిగానా? ఇంటి గేటు దాకా ఆ కోపం మోసుకొచ్చాను. గేటు తీస్తుంటే, ఎన్నిసార్లు పదిమందిలో ఆ పిల్లను తిట్టానో గుర్తొచ్చింది. తిట్టిన ప్రతిసారీ "సారీ టీచర్" అని తల వంచుకోవడం గుర్తొచ్చింది. అప్పుడు కోపం పోయి సిగ్గు మిగిలింది. అంత సిగ్గు నా జన్మలో ఎరగను.

కిటికీ మూసి, ఐదున్నర పెట్టుకుని ఒక్కదాన్నే పాడాను. పై షడ్జమం దగ్గర గొంతు పాతగుడ్డలా చీలింది. మళ్లీ పాడాను, మళ్లీ చీలింది. ఏదో జారుతోందని నాకూ తెలుసు. దుమ్ము అనుకున్నాను, చల్లనీళ్లు అనుకున్నాను, నిద్ర చాలలేదనుకున్నాను. ఇంత ఘోరంగా ఉందని తెలియదు. తెలియనివ్వకుండా ఒకరు అడ్డం నిలబడ్డారు మరి.

తలుపు దగ్గర మా ఆయన నిలబడి ఉన్నారు.

"మీకు వినపడుతోందా?"

"నాకు సంగీతం రాదు."

"చెవులున్నాయి కదా."

"ఉన్నాయి," అన్నారు. "నువ్వే చెబుతావని చూస్తున్నాను."

అప్పుడు ఏడ్చాను. ఆయన పాఠమేమీ చెప్పలేదు. పక్కన చాప మీద కూర్చున్నారు, మోకాళ్లు నొప్పి అని ఎన్నడూ కింద కూర్చోని మనిషి.

మొహం కడుక్కుని వచ్చి, "మీ శిష్యుడికి మళ్లీ ఫోన్ చేయండి, ఇక్కడే పెట్టమనండి" అన్నాను. ఒకసారి చేసినందుకే తలెత్తుకోలేకపోతున్నాననీ, రెండోసారి తన వల్ల కాదనీ అన్నారాయన. న్యాయమే. చెడగొట్టించింది నేనైతే దిద్దాల్సిందీ నేనే. భూపాల్ నంబరు తీసుకుని నేనే చేశాను.

"మేడం, మొన్న వద్దంటిరి, ఇయాల పెట్టమంటున్రు," అన్నాడు భూపాల్. పాపం విసుగు దాచుకోవాలని చూశాడు గానీ దాగలేదు. "అంతా మార్చి పెట్టినం. మళ్ల మార్చాలె."

"మార్చండి. నేనే వద్దన్నానని, నేనే పెట్టమన్నానని మీ పైవాళ్లకు చెప్పండి."

"మళ్ల వద్దనరు గద?"

"అనను."

"సప్పుడైతది మేడం. తర్వాత చెప్పలేదు అనొద్దు."

"ఏ శ్రుతిలో అవుతుందో కూడా నాకు తెలుసు నాయనా, నువ్వు పెట్టు."

ఏప్రిల్ మధ్యలో పని మొదలైంది. రెండు స్తంభాలు పాతారు. రోడ్డు మీద నుంచి పదకొండు వేల వోల్టుల తీగ లోపలికి లాగారు. క్రేను ఆ బూడిదరంగు డబ్బాను మెల్లగా ఎత్తి దిమ్మె మీద కూర్చోబెడుతుంటే వీధంతా పెళ్లికొచ్చినట్టు నిలబడింది. చివరి రోజున పాత తీగలు విప్పి కొత్తవి కలపడానికి కరెంటు తీసేశారు. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి, లైను ఆపామని వాళ్ల నోటితో విన్నాకే భూపాల్ మనుషుల్ని స్తంభం ఎక్కనిచ్చాడు. పని అయ్యాక అందర్నీ దింపి, పేరుపేరునా లెక్కపెట్టుకుని, మళ్లీ ఫోన్ చేశాడు. సుబ్బరాయుడు గారు కొబ్బరికాయ కొట్టి, కంచె తలుపుకు కుంకుమ పెట్టారు. బరువు మా ఇంటికి, పుణ్యం ఆయనకు.

భూపాల్ పొడుగాటి కడ్డీ కిందికి లాగి స్విచ్ వేశాడు. 'ఝుం' అని మొదలైంది. చివరింటి దాకా ట్యూబులైట్లు ఒక్కసారిగా తెల్లగా వెలిగాయి, పట్టపగలే.

సాయంత్రానికి వీధి వాట్సాప్ గ్రూపులో నా మీద పొగడ్తలు కురిశాయి. కళాకారిణి అంటే ఇలా ఉండాలన్నారు, వీధి కోసం గొంతునే త్యాగం చేశారన్నారు. శాలువా కప్పుతామన్నారు. 'త్యాగం ఏమీ లేదండీ, అది నాకే అవసరం' అని రాశాను. ఎంత వినయమో అని దానికి ఇంకో పాతిక దండాలు వచ్చాయి. నిజం చెబితే నమ్మేవాళ్లు కరువయ్యారు. నాగమణి ఒక్కతే వేరేగా మెసేజి పెట్టింది. 'రెండు జాకెట్లు అయినాయి అక్కా, ఒక్కసారి ఆగలేదు.'

మర్నాడు పొద్దున పిల్లలు వచ్చి కూర్చున్నారు. కిటికీ తెరిచే ఉంచాను. ట్రాన్స్‌ఫార్మర్ తన పాటికి తాను మోగుతోంది. పిల్లలు దాన్నీ నన్నూ మార్చి మార్చి చూస్తున్నారు. అనూష మాత్రం తన ఒళ్లో చేతుల్ని చూసుకుంటోంది. వాళ్లమ్మ నాతో ఏం చెప్పిందో దానికి తెలిసిపోయింది.

శ్రుతిపెట్టె ముందుకు లాక్కున్నాను. ఐదున్నర నుంచి ఐదుకు దించాను. పక్కనున్న చిన్న మర తిప్పుతూ రవ్వంత పైకి తెచ్చాను. రెండు శబ్దాల మధ్య కొట్లాట నెమ్మదించి, నెమ్మదించి, ఆగిపోయింది. కిటికీ బయట ఏదో ఉందన్న సంగతే మాయమైంది. పెట్టె ఒకటే మోగుతున్నట్టుంది.

"ఇది ఎన్నో శ్రుతి టీచర్?" అని ఒక పిల్ల అడిగింది.

"దీనికి నంబరు లేదు. పాడు."

అదే కీర్తన మొదలుపెట్టాం. పల్లవి అయింది, అనుపల్లవి అయింది. చరణంలో పైకి ఎక్కే చోటు దగ్గరపడింది. అనూష భుజాలు లేచాయి, ఊపిరి బిగబట్టి ముందుకు వంగింది. అలవాటు పోదు కదా. దాని మోకాలి మీద చెయ్యి వేశాను.

"నువ్వు ఆగు."

అందరూ ఆగిపోయారు. నేనొక్కదాన్నే పైకి వెళ్లాను. పై షడ్జమం పలికింది. పాతికేళ్ల నాటిది కాదు, ఆ మెరుపు లేదు. కానీ చీలలేదు. నిలిచింది, నేను చాలనుకున్నంతసేపు నిలిచింది. దాని మీద కూర్చుని చుట్టూ చూసినంత హాయిగా ఉంది. దిగి వచ్చాక చూస్తే అనూష కళ్లు తుడుచుకుంటోంది.

"సారీ టీచర్," అంది.

"ఎందుకు?"

"అమ్మ అట్ల చెప్పొద్దుండె."

"అమ్మ కాదు, నువ్వు చెప్పాల్సింది. ఆ సారీ నేను నీకు చెప్పాల్సింది." పిల్లలంతా చూస్తున్నారు. చూడనీ.

"ఇప్పుడు నువ్వు పాడు," అన్నాను. "అదే చోటు. అరవకుండా, మీ ఇంట్లో పాడినట్టు."

అనూష ఒకసారి కిటికీ వైపు చూసింది. తర్వాత కళ్లు మూసుకుని, తొందరపడకుండా, ఎవరినీ దాటకుండా, మెత్తగా పైకి వెళ్లింది. పదేళ్లుగా పాఠం చెబుతున్నాను ఆ పిల్లకు. దాని గొంతు పైన అంత బాగుంటుందని నాకు తెలియదు.